కుస్తీ పోటీ రక్తి కట్టుటెట్లు? కాలపరిమితి, నియమముల ప్రాధాన్యము

మన గ్రామములలో జాతరలు, తీర్థములు, ఉరుసులు జరుగునపుడు కుస్తీ పోటీలను ఏర్పాటుచేయుట చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. ముఖ్యముగా నిజామాబాదు, కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాదు జిల్లాల పల్లెలలో హోళీ, ఉగాది పండుగల సమయమున ఈ పోటీలు నేటికిని జరుగుచున్నవి. పొరుగుననున్న మహారాష్ట్రమునుండి కూడ మల్లులు వచ్చి వీనిలో పాల్గొందురు. కొబ్బరికాయ బహుమానముగా గల చిన్నవారి కుస్తీతో ఆరంభమై, వెండి కడియము బహుమానముగా గల పెద్ద కుస్తీతో పోటీలు ముగియుట పరిపాటి. ఆనాడు ఊరంతయు గోదా చుట్టును చేరును.

ఈ పోటీలను నడుపు బాధ్యత సాధారణముగా గ్రామ పెద్దలపైనను, పంచాయతీ సభ్యులపైనను పడుచుండును. గోదా మట్టిని త్రవ్వి మెత్తపరచుట, చందాలు ప్రోగుచేయుట, వచ్చిన మల్లులకు భోజన వసతులు కల్పించుట మొదలగు పనులను వారు శ్రద్ధతో నెరవేర్తురు. కాని రెండు ప్రశ్నలను గూర్చి ముందుగా ఆలోచించుట మాత్రము అరుదు. కుస్తీ ఎంతసేపు సాగవలెను? ఎవ్వరును వెల్లకిల పడనిచో గెలుపును ఎట్లు నిర్ణయింపవలెను?

ఈ ప్రశ్నలకు జవాబు లేని చోట ఏమి జరుగునో అందరును ఎరుగుదురు. సమ ఉజ్జీలయిన ఇద్దరు మల్లులు ఒకరి మెడపై ఒకరు చేతులు వేసికొని అరగంటసేపు నిలిచిపోవుదురు. ప్రేక్షకులు కొంతసేపు ఓపిక పట్టుదురు. పిదప ఈలలు వేయుదురు. తుదకు లేచి ఇండ్లకు పోవుదురు. పెద్దలు ఇద్దరును సమానులేయని ప్రకటించి బహుమానమును చెరిసగము పంచుదురు. "ఇంకొక ఐదు నిమిషములుండినచో మావాడే గెలిచెడివాడు" అని ఇరుపక్షములవారును వాదులాడుకొందురు. ఒక్కొక్కప్పుడు ఆ వాదము రెండూళ్ల నడుమ మనస్పర్థగా మారును.

ఇట్టి సందర్భములలో తప్పు మల్లులదేయని చెప్పుట సులభము. వారికి దమ్ము లేదనియో, లోపాయికారిగా ఒప్పందము చేసికొన్నారనియో జనులు అనుమానింతురు. కాని మల్లుడు తెలివిగలవాడు. నియమము ఏ పనికి లాభమిచ్చునో ఆ పనినే అతడు చేయును. ముందునకు దూకినవానికి ప్రమాదము, నిలిచియున్నవానికి సగము బహుమానము అను ఏర్పాటున్నచో, నిలిచియుండుటయే అతనికి మేలు. కావున పోటీ చప్పబడినపుడు మొదట పరిశీలింపవలసినది మల్లుని కాదు, నియమమును. ప్రపంచ కుస్తీ చరిత్రమంతయు ఈ సత్యమునే చాటుచున్నది.

హద్దు లేని పోరాటములు

1912లో స్వీడన్ దేశపు రాజధాని స్టాక్‌హోంలో ఒలింపిక్ క్రీడలు జరిగినవి. గ్రీకో-రోమన్ కుస్తీలో ఎవరో ఒకరు గెలుచువరకు పోరాటము సాగనిచ్చుచుండిరి. మధ్యమ బరువు తరగతిలో రష్యా పక్షమున పోటీచేసిన ఎస్తోనియా వాసి మార్టిన్ క్లైన్, ఫిన్లాండు వాసి ఆల్ఫ్రెడ్ అసికైనెన్ తలపడిరి. ఆరుబయట, ఎండలో, నడుమ నడుమ స్వల్ప విరామములతో వారి పోరు 11 గంటల 40 నిమిషములపాటు సాగినది. తుదకు క్లైన్ గెలిచెను. కాని అంతటితో అతని శక్తి యంతయు ఉడిగిపోయినందున తరువాతి పోటీలో దిగలేకపోయెను. స్వర్ణ పతకము స్వీడన్ వాసి క్లాస్ యోహాన్సన్‌కు దక్కినది. గెలిచినవాడే గెలుపువలన నష్టపోయెను.

ఆ క్రీడలలోనే మరొక బరువు తరగతి తుదిపోరులో స్వీడన్ మల్లుడు ఆండర్స్ ఆల్‌గ్రెన్, ఫిన్లాండు మల్లుడు ఇవార్ బోలింగ్ 9 గంటలసేపు పెనగులాడిరి. అప్పటికిని ఫలితము తేలలేదు. నిర్ణేతలు పోరాటమును నిలిపివేసి ఇద్దరికిని రజత పతకములనే యిచ్చిరి. స్వర్ణ పతకమును ఎవ్వరికిని ఇయ్యలేదు. తొమ్మిది గంటలు చూచినవారికి విజేతయే లేకపోయెను.

మన దేశపు మహామల్లుడు గామా చరిత్రములో కూడ ఇట్టి ఉదాహరణము కలదు. 1910 సెప్టెంబరు 10వ తేదీన లండనులో గామా పోలండు మల్లుడు స్టానిస్లాస్ జ్బిస్కోతో తలపడెను. గామా విజృంభణమును చూచిన జ్బిస్కో, ఆరంభములోనే క్రిందికి దిగి, చాపను అంటిపెట్టుకొని యుండిపోయెను. రెండు భుజములు నేలకు తగిలిననే ఓటమి; బోరగిల పడియుండుట ఓటమి కాదు, దానికి శిక్షయు లేదు. ఈ నియమమును ఆశ్రయించి అతడు రెండున్నర గంటలకు పైగా కాలము గడపెను. ఫలితము తేలక పోటీ మరొక దినమునకు వాయిదా పడెను. ఆ దినమున జ్బిస్కో రానేలేదు. 1928లో పటియాలాలో ఆ ఇద్దరే మరల ఎదురుపడిరి. ఈసారి ఒక నిమిషము నిండకముందే గామా అతనిని చిత్తుచేసెను. నేటికిని కుస్తీ ప్రియులు ఉత్సాహముతో చెప్పుకొనునది ఆ ఒక్క నిమిషమునే కాని, అంతకు పూర్వపు రెండున్నర గంటలను కాదు.

కుస్తీ నిడివి వేరు, కుస్తీలోని రక్తి వేరు అని దీనివలన స్పష్టమగుచున్నది.

గడియారము ప్రవేశించుట

ఇట్టి అనుభవముల పిదప అంతర్జాతీయ పోటీలలో కాలపరిమితి క్రమముగా తగ్గుచు వచ్చినది. 1950 ప్రాంతమునాటికి ఒక్కొక్క పోరు 15 నిమిషములు. మహారాష్ట్రమందలి సతారా జిల్లా గోళేశ్వర్ గ్రామమున జన్మించిన ఖాశాబా జాదవ్, 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో కాంస్య పతకమును గెలిచినది ఆ కాలముననే. స్వతంత్ర భారతమునకు వ్యక్తిగత పోటీలలో లభించిన మొదటి ఒలింపిక్ పతకమదియే. మన పల్లెలవంటి పల్లెనుండి, మట్టి గోదానుండి పైకి వచ్చిన మల్లుడతడు. 1948లో లండను ఒలింపిక్ క్రీడలకు వెళ్లి ఆరవ స్థానముతో తిరిగివచ్చి, చాపపై జరుగు కుస్తీ పద్ధతులను, నియమములను అలవరచుకొని, నాలుగేండ్లలో పతకమును సాధించెను. నియమములను ఎరుగుటయు బలమేయని అతని జీవితము తెలుపుచున్నది.

1972 నాటికి పోరు మూడేసి నిమిషముల మూడు భాగములుగా, 1984 నాటికి మూడేసి నిమిషముల రెండు భాగములుగా తగ్గినది. కాలము తగ్గినకొలది మల్లుడు తన శక్తిని దాచుకొనవలసిన పని తగ్గును. పదిహేను నిమిషములు నిలువవలసినవాడు మొదటి ఐదు నిమిషములు ఎదుటివాని బలమును పరీక్షించుటతోనే సరిపుచ్చును. ఆరు నిమిషములే యున్నచో మొదటి నిమిషముననే పట్టు వెదకవలసి వచ్చును. ఇంతవరకు కాలపరిమితి మేలుచేయు మాట నిజము.

అయితే కాలమును తగ్గించినంతమాత్రమున చాలునా? చాలదు. ఇది ఎట్లో గ్రహించుటకు జపాను దేశపు సుమో కుస్తీని ఒకమారు చూడవలెను.

చిన్న వలయము, పెద్ద ఉత్కంఠ

సుమోలో నియమములు రెండే. వలయమునుండి బయటకు పోయినవాడు ఓడును. పాదములు తప్ప శరీరమందలి ఏ భాగమయినను నేలను తాకినవాడు ఓడును. పోరు పెక్కుసార్లు కొన్ని క్షణములలోనే ముగియును. అయినను వేలకొలది జనులు దానిని ఊపిరి బిగబట్టి చూతురు. ఏలయన, వెనుకకు తగ్గుటకు చోటు లేదు. ప్రతి అడుగును గెలుపో ఓటమియో తేల్చును. ఎవరు ఓడినదియు చివరి వరుసలో కూర్చున్న ముసలివానికి కూడ కనబడును.

ఆ దేశమువారు కూడ తమ నియమములను కాలానుగుణముగా సవరించుకొనిరి. పోరునకు ముందు మల్లులు ఎదురెదురుగా కూర్చుండి ఒకరినొకరు తేరిపార చూచుకొను ఆచారము కలదు. పూర్వము దానికి పరిమితి లేకుండెను. 1928లో రేడియోలో సుమో ప్రసారము ఆరంభమయినపుడు ఆ నిరీక్షణ కాలమును ఉన్నత తరగతి మల్లులకు 10 నిమిషములుగా నిర్ణయించిరి. తరువాత దానిని ఇంకను తగ్గించి 4 నిమిషములు చేసిరి. అట్లే 1931లో వలయపు వ్యాసమును సుమారు 3.94 మీటర్లనుండి 4.55 మీటర్లకు పెంచిరి. పోరు మరీ త్వరగా ముగిసిపోకుండ, మల్లులు తమ నేర్పును చూపుటకు కొంచెము చోటు, కొంచెము కాలము లభింపవలెనని ఆ మార్పు ఉద్దేశము.

ఇందు గమనింపదగినదేమనగా, వారు నిరీక్షణను తగ్గించిరి, పోరాటమును పెంచిరి. పోటీ నిర్వాహకులు ఎక్కడనయినను చేయవలసిన పని యిదియే. పోరు పొట్టిదా పొడవైనదా అనునది ముఖ్యము కాదు; ఉన్న కాలములో ఎంత భాగము పోరాటముతో నిండియున్నదన్నదే ముఖ్యము.

నియమము దారితప్పిన కాలము

కాలమును ముక్కలు చేసినంతమాత్రమున రక్తి రాదనుటకు 2005 నుండి 2012 వరకు నడచిన అంతర్జాతీయ కుస్తీయే సాక్ష్యము. ఆ కాలమున పోరును రెండేసి నిమిషముల మూడు భాగములుగా విభజించి, రెండు భాగములు గెలిచినవానిని విజేతగా ప్రకటించుచుండిరి. ప్రతి భాగమును క్రొత్త లెక్కతో ఆరంభమగును. చూచుటకు ఇది ఆకర్షణీయమయిన పద్ధతియే. కాని ఆచరణలో రెండు దోషములు బయటపడినవి.

మొదటిది లెక్కకు సంబంధించినది. ఒక మల్లుడు మొదటి భాగమును 5–0తో గెలిచి, తక్కిన రెండు భాగములను 0–1, 0–1తో కోల్పోయెననుకొందము. మొత్తముమీద అతడు ఐదు పాయింట్లు చేసెను, ఎదుటివాడు రెండే చేసెను. అయినను ఎదుటివాడే విజేత. గొప్ప పట్టు వేసి ఐదు పాయింట్లు సంపాదించినదానికిని, జాగ్రత్తగా ఒక్క పాయింటు సంపాదించినదానికిని విలువ ఒక్కటే యయినచో, సాహసము చేయువాడెవడు?

రెండవది అదృష్టమునకు సంబంధించినది. ఫ్రీస్టైల్ కుస్తీలో ఒక భాగము ఏ పాయింటును లేకుండ ముగిసినచో, సంచిలోనుండి రంగు బంతిని తీసి, ఆ రంగు ఎవరిదయిన వారికి ఎదుటివాని కాలు పట్టుకొని పోరు ఆరంభించు అవకాశమిచ్చుచుండిరి. ఆ అవకాశము లభించినవాడే తరచుగా గెలుచుచుండెను. దీనితో మల్లులు రెండు నిమిషములు ఊరక గడపి, బంతికొరకు ఎదురుచూచుట మొదలుపెట్టిరి. ఏండ్ల తరబడి చేసిన సాధన ఒక బంతి రంగుపై ఆధారపడెను. క్రొత్తగా చూచువారికి ఎవరు ఏల గెలిచిరో బోధపడదాయెను.

2012లో లండను ఒలింపిక్ క్రీడలలో మన యోగేశ్వర్ దత్ కాంస్య పతకము గెలిచిన పోరు 0–1, 1–0, 6–0గా ముగిసినది. మొదటి రెండు భాగములు ఒక్కొక్క పాయింటుతో గడచినవి. మూడవ భాగమున అతడు ప్రత్యర్థి కాళ్లను మెలివేసి పట్టి వరుసగా దొర్లించినపుడు మాత్రమే ప్రేక్షకులు లేచి నిలుచుండిరి. ఆ మల్లునిలో అంత నేర్పు కలదు. కాని నియమము దానిని చివరివరకు దాచియుంచినది.

ఈ దోషములకు కుస్తీ క్రీడయే మూల్యము చెల్లింపవలసివచ్చెను. 2013 ఫిబ్రవరిలో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘపు కార్యనిర్వాహక వర్గము, 2020 ఒలింపిక్ క్రీడల ముఖ్యాంశములనుండి కుస్తీని తొలగింపవలెనని సిఫారసు చేసెను. ప్రాచీన గ్రీసు దేశపు ఒలింపిక్ ఉత్సవములలోను, 1896లో జరిగిన మొదటి ఆధునిక క్రీడలలోను స్థానము పొందిన కుస్తీకి ఇట్టి గతి పట్టునని ఎవ్వరును ఊహింపలేదు. పరిపాలనా లోపములతో బాటు, చూచువారికి బోధపడని నియమములు కూడ దీనికి కారణములని కుస్తీ ప్రపంచము గ్రహించినది.

2013 సంస్కరణములు

అంతర్జాతీయ కుస్తీ సమాఖ్య నాయకత్వము మారినది. 2013 మే మాసములో క్రొత్త నియమములు ఆమోదింపబడి, అటు పిమ్మట కొన్ని సవరణలతో స్థిరపడినవి. ఆ సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీన బ్యూనస్ ఎయిర్స్ నగరమున జరిగిన ఓటింగులో కుస్తీకి 49 ఓట్లు, బేస్‌బాల్–సాఫ్ట్‌బాల్‌కు 24, స్క్వాష్‌కు 22 ఓట్లు వచ్చినవి. కుస్తీ తన స్థానమును నిలువబెట్టుకొన్నది.

ఈ సంస్కరణములతో ఫ్రీస్టైల్ కుస్తీ పొందిన రూపములోని ముఖ్యాంశములను పంచాయతీ సభ్యులు తెలిసికొనుట మేలు.

పోరు మూడేసి నిమిషముల రెండు భాగములు; నడుమ 30 సెకండ్ల విరామము. రెండు భాగముల పాయింట్లను కలిపి లెక్కింతురు. కావున మొదటి నిమిషములో సంపాదించిన పాయింటు చివరి నిమిషమువరకు చెల్లును.

ఎదుటివానిని క్రిందపడవేసి తాను పైచేయి సాధించినవానికి 2 పాయింట్లు. పూర్వము దీనికి ఒక్క పాయింటే యుండెను. వలయమునుండి బయటకు నెట్టినవానికి 1 పాయింటు. పైకెత్తి విసరివేయు గొప్ప పట్లకు 4 పాయింట్లు, 5 పాయింట్లు. సాహసమునకు తగిన ప్రతిఫలమన్నమాట.

చొరవ చూపనివానిని రెఫరీ మొదట హెచ్చరించును. పిదప అతనికి 30 సెకండ్ల గడువునిచ్చును. ఆ గడువులో ఎవ్వరును పాయింటు సంపాదింపనిచో, చొరవ చూపనివాని ప్రత్యర్థికి 1 పాయింటు చేరును. మొదటి రెండు నిమిషములు పాయింటు లేకుండ గడచినచో, ఇద్దరిలో ఒకనికి ఈ గడువును తప్పక విధింతురు.

ఇద్దరికిని పాయింట్లు సమానమయినచో లాటరీ లేదు, పంపకము లేదు. ఎక్కువ విలువగల పట్టు వేసినవాడెవడు, తక్కువ హెచ్చరికలు పొందినవాడెవడు, చివరి పాయింటు చేసినవాడెవడు అను క్రమమున విజేతను నిర్ణయింతురు.

10 పాయింట్ల ఆధిక్యము వచ్చినచో పోరు అక్కడనే ముగియును. అన్నింటికి మించి, రెండు భుజములను నేలకు తాకించినచో, పాయింట్లు ఎట్లున్నను, అదియే తుది విజయము.

ఈ ఏర్పాటులోని కీలకమును జాగ్రత్తగా గమనింపవలెను. మొదటి పాయింటు పడిన క్షణమునుండి ఇద్దరిలో ఒకడు ఎల్లప్పుడును ఓడుచునే యుండును. పాయింట్లు సమానముగా కనబడినను, పైన చెప్పిన క్రమమువలన ఒకడు వెనుకబడియే యుండును. వెనుకబడినవాడు దూకక తప్పదు. ముందున్నవాడు ఊరకున్నచో హెచ్చరిక తప్పదు. కనుక ఇద్దరికిని నిలిచిపోవుటకు వీలు లేదు. రక్తి పుట్టునది ఇచ్చటనే.

రెండు దృష్టాంతములు

2016లో రియో ఒలింపిక్ క్రీడలలో హర్యానా రాష్ట్రపు యువతి సాక్షి మలిక్ కాంస్య పతకముకొరకు కిర్గిజ్‌స్తాన్ మల్లురాలితో తలపడినది. మొదటి మూడు నిమిషములు ముగియునప్పటికి ఆమె 0–5తో వెనుకబడియుండెను. పాత పద్ధతిలో ఆ భాగము అంతటితో ముగిసి, తరువాతి భాగము క్రొత్త లెక్కతో ఆరంభమై యుండును. క్రొత్త పద్ధతిలో ఆ ఐదు పాయింట్ల లోటు ఆమెను వెన్నంటి తరిమినది. ఒక్కొక్క పట్టుతో లోటు పూడ్చుకొనుచు 5–5కు వచ్చి, చివరి కొద్ది సెకండ్లలో ప్రత్యర్థిని పడవేసి 7–5తో ముందడుగు వేసినది. ఆ నిర్ణయముపై ప్రత్యర్థి పక్షము చేసిన ఆక్షేపణ చెల్లనందున మరొక పాయింటు చేరి 8–5తో విజయము లభించినది. ఒలింపిక్ కుస్తీలో పతకము పొందిన మొదటి భారతీయ మహిళ ఆమెయే.

రెండవ దృష్టాంతము టోక్యో నగరమున 2021లో జరిగిన క్రీడలలోనిది. 57 కిలోల తరగతి సెమీఫైనల్ పోరులో రవి దహియా కజకిస్తాన్ మల్లుడు నూరిస్లాం సనాయెవ్‌కు 2–9తో వెనుకబడెను. మరొక్క పాయింటు పోయినను ఆధిక్య నియమమునకు చేరువయగు స్థితి. అయినను భుజములు తాకించుటయే తుది విజయమను నియమము అతనికి చివరి ఆశను మిగిల్చినది. పోరు ముగియుటకు ముందు సనాయెవ్‌ను వెల్లకిలవేసి రెండు భుజములను చాపకు అదిమిపట్టి గెలిచి, రవి ఫైనల్ చేరెను. రజత పతకముతో తిరిగివచ్చెను. పాయింట్లు మాత్రమే లెక్కయయినచో ఆ పోరు ఎప్పుడో తేలిపోయి, ప్రేక్షకులు లేచిపోయి యుందురు.

చివరి క్షణమువరకు ఓడువాడు గెలుచుటకు మార్గముండుట ఉత్తమ నియమమునకు గుర్తు. మన పల్లె గోదాలో వెల్లకిలవేయుటయే గెలుపు అను సంప్రదాయమునకు గల ఘనత ఇందులోనే యున్నది. దానిని ఎన్నడును విడువరాదు.

తొందరకును హద్దు కలదు

కొందరు పెద్దలు, గడియారము పెట్టినచో కుస్తీలోని ఓర్పు, సాధన నశించునని ఆక్షేపింతురు. ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. మరీ స్వల్పకాలమిచ్చినచో నేర్పుకంటె తొందరపాటు గెలుచును. తొందరలో వేసిన పట్టువలన దెబ్బలు తగులును. కాని కాలపరిమితి ఓర్పునకు శత్రువు కాదు. ఆరు నిమిషములు ఎడతెగక పోరాడుటకు కావలసిన దమ్ము, అరగంట ఊరక నిలుచుండుటకు కావలసిన దమ్ముకంటె ఎక్కువేకాని తక్కువ కాదు.

జపానులో పుట్టిన జూడో కూడ ఈ సమన్వయమునకు ప్రయత్నించినది. 2017లో పురుషుల పోరును 5 నిమిషములనుండి 4 నిమిషములకు తగ్గించి, స్వల్పమయిన పడవేతలకు ఇచ్చుచుండిన చిన్న పాయింటును తొలగించిరి. నిర్ణీత కాలములో తేలనిచో అదనపు పోరు సాగును. దానికి కాలపరిమితి లేదు. కాని అందు మొదటి పాయింటు పొందినవాడు వెంటనే గెలుచును. చొరవ చూపక మూడు హెచ్చరికలు పొందినవాడు ఓడును. 2020 డిసెంబరులో జపాను జట్టుకొరకు హిఫుమి అబె, జోషిరో మరుయామా అను ఇద్దరి నడుమ జరిగిన పోరు ఈ విధముగా 24 నిమిషములు సాగినది. అయినను చూచువారికి విసుగు కలుగలేదు. ప్రతి క్షణమును చివరి క్షణము కాగలదు. 1912 నాటి పోరును, దీనిని పోల్చి చూడుడు. రెండును దీర్ఘములే. ఒకదానిలో నిరీక్షణకు శిక్ష లేదు, రెండవదానిలో కలదు. భేదమంతయు అచ్చటనే యున్నది.

గ్రామ పోటీలకు కొన్ని సూచనలు

పై విషయములను బట్టి గ్రామ కుస్తీ పోటీలను నడుపు పంచాయతీలు ఈ క్రింది ఏర్పాట్లను తమ పరిస్థితులకు తగినట్లు చేసికొనవచ్చును. వీనికి పెద్ద ఖర్చు అవసరము లేదు.

1. బరువు: జతలు కూర్చుటకు ముందు మల్లులను తూచవలెను. ధాన్యము తూచు కాటాయే చాలును. అయిదారు కిలోలకు మించిన భేదమున్న జతలను కూర్చరాదు. అసమానమయిన జతలో రక్తియు ఉండదు, క్షేమమును ఉండదు. పదునెనిమిది ఏండ్లు నిండనివారిని వారి ఈడువారితోనే దింపవలెను.

2. కాలము: పిల్లలకు రెండేసి నిమిషముల రెండు భాగములు, పెద్దలకు మూడేసి నిమిషముల రెండు భాగములు తగియుండును. చివరి పెద్ద కుస్తీకి ఇంకను కొంత కాలము కలుపవచ్చును. గడియారము చూచి గంట కొట్టుటకు ఒక మనిషిని ప్రత్యేకముగా నియమింపవలెను.

3. హద్దు: గోదాలో సున్నముతో వలయము గీయవలెను. అంతర్జాతీయ పోటీలలో వలయపు వ్యాసము 9 మీటర్లు. మన గోదా చిన్నదయినచో ఉన్నంతలో గీయవచ్చును. వలయము లేనిచో వెనుకకు పోవువానికి హద్దే యుండదు.

4. గెలుపు: వెల్లకిలవేసి రెండు భుజములను నేలకు తాకించుటయే సంపూర్ణ విజయము. గడువులో అది జరుగనిచో, క్రిందపడవేసినందుకు 2, వలయము దాటించినందుకు 1 చొప్పున పాయింట్లు లెక్కింపవలెను. ఊరక నిలిచినవానిని ఒకమారు హెచ్చరించి, రెండవమారు 30 సెకండ్ల గడువిచ్చి, పిదప ఎదుటివానికి 1 పాయింటు వేయవలెను. పాయింట్లు సమానమయినచో చివరి పాయింటు చేసినవాడు విజేత. ఎవ్వరికిని పాయింటు లేనిచో మొదటి పాయింటు పడువరకు పోరు సాగనీయవలెను. బహుమానమును పంచు ఆచారమును మాత్రము పూర్తిగా విడువవలెను. ఒప్పందములకు అదియే ద్వారము.

5. నిషేధములు: గొంతు నులుముట, వ్రేళ్లు విరుచుట, కీళ్లను వెనుకకు త్రిప్పుట, జుట్టు పట్టుట, కొట్టుట కూడదని ముందే చెప్పవలెను. మల్లుడు తల క్రిందుగా పడు ప్రమాదము కనబడిన వెంటనే పోరు ఆపవలెను. ప్రథమ చికిత్స సామగ్రియు, వాహనమును సిద్ధముగా నుండవలెను.

6. నిర్ణేతలు: ముగ్గురుండుట మంచిది. వారిలో ఇద్దరయినను పోటీలో పాల్గొను మల్లుల ఊళ్లకు చెందనివారై యుండవలెను. ఇద్దరు ఏకీభవించిన తీర్పే చెల్లునని ముందే అంగీకరింపజేయవలెను.

7. ప్రకటన: ఈ నియమములను దండోరా ద్వారమునను, మైకు ద్వారమునను పోటీకి ముందు జనులందరికిని వినిపింపవలెను. పాయింట్లను పెద్ద పలకపై సుద్దతో ఎప్పటికప్పుడు వ్రాయించుచుండవలెను. చూచువానికి లెక్క తెలిసినపుడే ఉత్కంఠ కలుగును. లెక్క తెలియనపుడు అనుమానమే కలుగును.

బాలికల కుస్తీని గూర్చియు ఒక మాట. 2004లో ఏథెన్స్ క్రీడలతో మహిళల కుస్తీ ఒలింపిక్ క్రీడలలో చేరినది. ఉత్సాహము గల బాలికలున్న గ్రామములలో వారికి ప్రత్యేకముగా జతలు కూర్చి, మహిళా నిర్ణేతలను పిలిపించి పోటీలు జరుపుట పంచాయతీకి గౌరవమును తెచ్చును.

నియమమనునది క్రీడకు సంకెల కాదు. పొలమునకు గట్టు ఎట్టిదో పోటీకి నియమము అట్టిది. గట్టు సరిగా నున్నచో నీరు నిలిచి పైరు పండును. గట్టు తెగినచో నీరు పోవును, ఇరుగుపొరుగుల నడుమ తగవులును వచ్చును. పంచాయతీ సభ్యులు ఈ ఏటి జాతరకు ముందే ఒకనాడు సమావేశమై, ఊరి వస్తాదులను, అనుభవజ్ఞులయిన పాత మల్లులను పిలిచి, తమ గోదాకు తగిన నియమములను చర్చించి, తీర్మాన పుస్తకమున వ్రాసియుంచుట మంచిది. నియమములు ముందుగా నిర్ణయమై యున్నచో గెలిచినవానికి నిందలేని కీర్తియు, ఓడినవానికి తృప్తియు, పొరుగూరినుండి వచ్చినవానికి న్యాయము జరిగినదను నమ్మకమును కలుగును. మరుసటి ఏడు మల్లులు మరల వచ్చుటకును, ఊరి యువకులు గోదాలో దిగుటకును ఆ నమ్మకమే ఆధారము.